చెయ్యి సగం ఎత్తిన వింగ్ డిఫెన్స్

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు, పేరుపేరునా చెప్పుకోవాలి. కానీ నాకిచ్చింది పావుగంటే కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం, మరోలా అనుకోకండి. పిల్లల నెట్‌బాల్ జట్టుకి సెంటర్ పాస్, అంటే ప్రతి గోల్ తర్వాత కోర్టు మధ్య నుంచి ఆట మొదలుపెట్టే పాస్, అక్కడి నుంచి గోల్ దాకా ఒక సెట్ ప్లే, అంటే ముందే అనుకున్న కదలికల వరస, ఎలా నేర్పాలో చెప్పమన్నారు. బాణాలు గీయడానికి బోర్డు కూడా పెట్టారు. గీస్తాను.

ముందు ఈ సెంటర్ పాస్ మీద నాకెందుకింత పట్టుదలో చెప్పాలి. గోల్ ఎవరు వేసినా సెంటర్ పాస్ మాత్రం వంతులవారీగానే వస్తుంది. ఎవరి వంతులో వాళ్లు గోల్ వేసుకుంటూ పోతే ఆట సమంగానే నడుస్తుంది, ఎవరో ఒకరు తమ వంతు చేజార్చుకున్నప్పుడే తేడా పడుతుంది. 2018 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఇంగ్లండ్ 52-51తో ఆస్ట్రేలియాని ఓడించింది. మరుసటి ఏడాది ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ కూడా అదే ఆస్ట్రేలియా మీద అదే 52-51తో గెలిచింది. అరవై నిమిషాల ఆట ఒక్క గోల్ దగ్గర తేలిపోయింది. అంత పెద్ద ఆటగాళ్లకే అలా ఉంటే పదమూడేళ్ల పిల్లలకి ఒక్కో సెంటర్ పాస్ ఎంత విలువైందో చూడండి.

సరే, బోర్డు చూడండి. వింగ్ అటాక్, గోల్ అటాక్ అనే ముందువరస ఆటగాళ్లిద్దరినీ గోల్ థర్డ్, అంటే కోర్టు మూడు భాగాల్లో మనం గోల్ వేసే వైపు భాగం, దాని గీత వెనకాల ఒకరి వెనక ఒకరిని నిలబెడతాను. విజిల్ పడగానే ముందున్న వింగ్ అటాక్ కుడి పక్క గీత వైపు దూసుకెళ్తుంది. వెనకున్న గోల్ అటాక్ అర క్షణం ఆగి, ఆ ఖాళీ అయిన చోటు గుండా మధ్యలోకి వస్తుంది. ఆ అర క్షణమే ప్రాణం. ఇద్దరూ ఒకేసారి కదిలితే ఇద్దరు డిఫెండర్లకీ పని సులువైపోతుంది. బంతి వింగ్ అటాక్‌కి అందిందా, ఆ పాస్ వేసిన సెంటర్ అక్కడే నిలబడి చూడకుండా పోస్ట్ చుట్టూ గోల్ వేయడానికి గీసిన సర్కిల్ అంచుకి పరిగెత్తాలి. గోల్ అటాక్ సర్కిల్‌కి అవతలి పక్క నుంచి దిగుతుంది. గోల్ షూటర్ పోస్ట్ దగ్గర డిఫెండర్‌ని వీపు వెనకే ఉంచుకుని, బంతి అంచుకి చేరాకే చోటు మారుతుంది. మూడు పాసులు, నాలుగోది షూటర్ చేతికి. విజిల్‌కి ముందే గీత దాటితే బంతి అవతలి జట్టుకి పోతుంది, అందుకని ముందున్నవాళ్ల కాళ్లు చూసి కదలొద్దు, విజిల్ విని కదలమని రోజూ చెప్పాలి.

ఇంతవరకూ మీలో ఎవరైనా గీయగలరు. నేనూ ఇలాగే గీసి, ఇలాగే నేర్పి, నా ప్లే బ్రహ్మాండంగా ఉందనుకున్నాను.

ఒక మ్యాచ్. చివరి క్వార్టర్, మేం 17, వాళ్లు 18, సెంటర్ పాస్ మాది. అవతలి కోచ్ మూడు క్వార్టర్లు చూసి మా ప్లే మొత్తం పట్టేసింది. మా వింగ్ అటాక్ ముందుకొచ్చి ఒకమ్మాయి నిలబడింది, గోల్ అటాక్‌కి ఇద్దరు కాపలా. ఆ రెండో అమ్మాయి ఎవరనుకున్నారు? వాళ్ల వింగ్ అటాక్. వెనక కాపలా కాసే మా వింగ్ డిఫెన్స్‌ని చూసుకోవాల్సిన పిల్ల ఆమెని వదిలేసి ముందుకొచ్చేసింది. మా సెంటర్ బంతిని గుండెకి ఆనించుకుని కుడికి చూసింది, మధ్యకి చూసింది, మళ్లీ కుడికి చూసింది. బంతి వదలడానికి ఉన్న మూడు సెకన్లూ అయిపోయాయి. విజిల్, బంతి వాళ్లకి. ఆ చేజారిన గోల్ దగ్గరే ఓడిపోయాం.

నేను సెంటర్ మీద విరుచుకుపడ్డాను. "వెనక్కి చూడలేదేం తల్లీ?" అంటే, "మీరు చూడమనలేదు కదా మేడమ్" అంది.

ఆ రాత్రి ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు ఫోన్‌లో తీసిన వీడియో పంపించారు. ఆ మూడు సెకన్లూ ఆపి ఆపి ఎన్నిసార్లు చూశానో. సెంటర్‌కి ఎడమ పక్క, కాస్త వెనగ్గా, మా వింగ్ డిఫెన్స్ ఒంటరిగా ఉంది. చుట్టూ ఎవరూ లేరు. చెయ్యి ఎత్తబోయింది, భుజం దాకా లేచి ఆగిపోయింది. నోరు తెరవలేదు. ఎందుకు తెరుస్తుంది? సీజన్ మొదట్లో ఆ పిల్లకి నేనే చెప్పాను, "ఈ ప్లేలో నీకు బంతి రాదు, నువ్వు వెనక కాపలా చూసుకో" అని. మర్నాడు అడిగితే ఎవరు ఏ స్థానమో చూపించే బిబ్ పట్టీ తీసి, మళ్లీ అంటించి, మళ్లీ తీస్తూ, "నాకు ఇస్తారని అనుకోలేదు మేడమ్" అంది. కంప్లయింట్ చేస్తున్నట్టు కూడా కాదు, ఉన్న మాట చెబుతున్నట్టు అంది.

నేను అడిగేది ఇదే. మీ జట్టులో ఇలా చెయ్యి సగం ఎత్తి ఆపేసే పిల్ల ఎవరు? ఇక్కడున్న ప్రతి కోచ్ ఒక్క నిమిషం ఆలోచించండి. ఉంటుంది. మనం బోర్డు మీద బాణం గీయని పిల్లే అది.

తర్వాత నేను మార్చింది ఎక్కువేం లేదు. బాణాలు అవే, సెంటర్ చూపు మార్చాను. మొదటి సెకను వింగ్ అటాక్‌కి, రెండోది గోల్ అటాక్‌కి, రెండూ మూసుకుపోతే నేలనున్న కాలు కదలకుండా దాని మీదే తిరిగి ఎడమ పక్కకి. అక్కడ వింగ్ డిఫెన్స్ విజిల్‌తోనే సెంటర్ థర్డ్‌లోకి దూసుకొచ్చి "ఇక్కడ!" అని గట్టిగా అరుస్తూ ఉండాలి. అరవడం కూడా ప్రాక్టీసే. మొదటి వారం ఆ పిల్ల గొంతు నాకే వినపడలేదు, నాలుగో వారానికి పక్క కోర్టువాళ్లు తిరిగి చూశారు.

ఇంకోటి చేశాం. సెంటర్‌ని అటు తిప్పి నిలబెట్టి, ఈసారి ఏ ఇద్దరిని మూసెయ్యాలో డిఫెండర్లకి వేళ్లతో సైగ చేసేదాన్ని. అప్పుడు సెంటర్ తనే చూసి తేల్చుకోవాలి. పక్కన నిలబడి నేను పేర్లు అరవకూడదు. ఇది మనకి కష్టం, నాకు తెలుసు, నోరు ఊరుకోదు. కానీ మనం "అటు వెయ్యి, ఇటు వెయ్యి" అని అరిచే ప్రతిసారీ ఆ పిల్ల కోర్టు మీద నుంచి కళ్లు తీసి మన వైపు చూస్తుంది. మూడు సెకన్లలో ఒకటి అలా పోతుంది. దయచేసి అరవకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

బిబ్‌లు కూడా వారానికోసారి మార్చాం. గోల్ షూటర్ ఒక రోజు వింగ్ డిఫెన్స్ బిబ్ వేసుకుని, ఎన్నిసార్లు పరిగెత్తుకొచ్చినా బంతి రాక ఉక్రోషపడి, మర్నాటి నుంచి ఆ పిల్లని పేరు పెట్టి పిలవడం మొదలెట్టింది. ఇదంతా నేను ప్లాన్ చేసింది కాదు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. షూటర్ పోస్ట్ దగ్గర ఎలా తిరగాలో కూడా చెబుదామనుకున్నాను, అది బోర్డు మీద చెబితే ఎక్కదు, బయట చేసి చూపిస్తాను. నాకు ఏడుగురు కావాలి, ఎదురు నిలబడడానికి ఇంకో ఏడుగురు. షూస్ లేనివాళ్లు గీత బయట నిలబడి మూడు సెకన్లు లెక్కపెట్టండి. బిబ్‌లు ఆ సంచిలో ఉన్నాయి, ముందు వింగ్ డిఫెన్స్‌ది ఎవరో తీసుకోండి.