చిన్న బృందంతో ‘ట్రోజన్ విమెన్’ వేయొచ్చా? | నాటకం రివ్యూ

నమస్తే అండీ. మీదో చిన్న నాటక బృందం. డబ్బు పెద్దగా లేదు. యుద్ధకాలంలో ఆడవాళ్ల గురించి ఒక నాటకం వేయాలనుంది, పైగా చూడటానికి ఎవరొచ్చినా, ఆడటానికి ఎవరొచ్చినా ఇబ్బంది పడకూడదు. అలాంటివాళ్లకి ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ రాసిన ‘ట్రోజన్ విమెన్’ పనికొస్తుందా? ఈ వీడియోలో అదే చూద్దాం. సాహిత్య చర్చ తక్కువ, వేదిక మీద పని ఎక్కువ.

కథ త్వరగా చెప్పేస్తాను. గ్రీకులతో యుద్ధంలో ట్రాయ్ నగరం పడిపోయింది, మగవాళ్లంతా పోయారు. రాణి హెక్యుబా గుడారాల బయట నేల మీద పడి ఉంటుంది. ఎవరు ఏ గ్రీకు వీరుడికి బానిసగా వెళ్లాలో టాల్తీబియస్ అనే వార్తాహరుడు వచ్చి చెప్తుంటాడు. కూతురు కసాండ్రా వెళ్తుంది, కోడలు ఆండ్రొమాకి వెళ్తుంది, మనవడిని కోట గోడ మీంచి తోసి చంపేస్తారు. చివర్లో ఊరు తగలబడుతుంది, వీళ్లు ఓడల వైపు నడుస్తారు. చోటు ఒక్కటే, కత్తియుద్ధం ఒక్కటీ లేదు. సెట్ ఖర్చు లెక్కేసుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి.

ఇది క్రీ.పూ. 415లో ఏథెన్స్‌లో ఆడారు. అంతకు కొద్ది నెలల ముందే ఏథెన్స్ సైన్యం మీలోస్ ద్వీపాన్ని పట్టుకుని, అక్కడి మగవాళ్లని చంపి, ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేసింది. అంటే ఆ పని చేసిన ఊళ్లోనే, ఆ ఊరివాళ్లనే ఎదురుగా కూర్చోబెట్టి ఈ నాటకం చూపించారన్నమాట. నాటకాల పోటీలో రెండో బహుమతి ఇచ్చారు. అదైనా ఇచ్చారు, గొప్పే.

మనకి వెంటనే భారతంలోని స్త్రీపర్వం గుర్తొస్తుంది. కానీ గాంధారికి ఎదురుగా కృష్ణుడున్నాడు, ఆవిడ శాపం పెడితే వింటాడు, ఒప్పుకుంటాడు. హెక్యుబాకి అలా వినేవాళ్లు లేరు. నిజానికి మొదటి సీన్‌లోనే సముద్రదేవుడు పొసైడన్, దేవత ఎథీనా మాట్లాడుకుని గ్రీకుల ఓడల్ని ముంచాలని నిర్ణయించేసుకుంటారు. ఆ సంగతి ప్రేక్షకులకి తెలుసు, ఈ ఆడవాళ్లకి తెలీదు. నిడివి తగ్గించాలని చాలామంది చెయ్యి పెట్టేది ఈ సీన్ మీదే. దయచేసి తీసేయకండి. అది పోతే మిగతాదంతా ఉత్త ఏడుపులా వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ నాటకం నాకు ఎందుకు నచ్చిందంటే, అందరికీ అందేలా చేయడానికి కావాల్సిన సరంజామా సగం స్క్రిప్ట్‌లోనే ఉంది. ఆ రోజుల్లో ఆరుబయట వేల మంది కూర్చునేవాళ్లు, వెనక వరసలకి మొహాలు కనపడేవి కావు. అందుకని ఎవరు వస్తున్నారు, చేతిలో ఏముంది, ఏ స్థితిలో ఉన్నారు అన్నది పాత్రలే మాటల్లో చెప్పేస్తాయి. ఆండ్రొమాకి కొడుకుతో బండి మీద వస్తోందని కోరస్, అంటే కలిసి పాడుతూ మాట్లాడే ట్రాయ్ ఆడవాళ్ల గుంపు, ముందే చెప్తుంది. చూపు లేని ప్రేక్షకులకి ఇది కథలో కలిసిపోయిన ఆడియో డిస్క్రిప్షన్, అంటే వేదిక మీద కనిపించేదాన్ని మాటల్లో వినిపించడం. హెడ్‌సెట్లు అద్దెకి తెచ్చుకోలేని బృందం ఇలాంటి వాక్యాలు కొట్టేయకుండా, అవసరమైన చోట ఇంకో రెండు కలుపుకుంటే చాలావరకు గడిచిపోతుంది. ఆట మొదలవ్వక ముందు వాళ్లని వేదిక మీదకి పిలిచి, యుద్ధంలో చనిపోయిన ఆండ్రొమాకి భర్త హెక్టర్ డాలు, గుడారం గుడ్డ చేత్తో పట్టుకుని చూడనివ్వండి. ఆ డాలు మీదే తర్వాత పిల్లవాడి శవాన్ని తెస్తారు. దాని బరువు ముందే తెలిసినవాళ్లకి ఆ సీన్ ఎలా తగులుతుందో ఊహించండి.

వినపడనివాళ్ల సంగతికొస్తే, కోరస్ మీకు వరం. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని ఓ మూల చీకట్లో నిలబెట్టే అలవాటు మానేయండి. కోరస్‌లో ఒక డెఫ్ నటిని తీసుకోండి, ఇంటర్‌ప్రెటర్‌నీ అదే కోరస్‌లో కలపండి, వాళ్ల చేతుల మీద లైట్ పడేలా చూడండి. బ్లాకౌట్‌లో సంజ్ఞలు కనపడవు కాబట్టి లైటింగ్ చేసేవాళ్లు మొదటి రిహార్సల్ నుంచీ ఉండాలి. గ్రీకు నాటకం కదా అని మాస్కులు పెడదామంటారు ఎవరో ఒకరు. వద్దు, పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్లకి దారి మూసేసినట్టే. క్యాప్షన్లు వేస్తే నటులకి దగ్గరగా వేయండి, లేకపోతే ప్రేక్షకుల కళ్లు టెన్నిస్ మ్యాచ్ చూసినట్టు అటూ ఇటూ తిరుగుతాయి. వాటిని నడిపే మనిషి రిహార్సల్స్ చూసినవాడై ఉండాలి. హెక్యుబా ఆట మొదటి నుంచి చివరిదాకా వేదిక మీదే ఉంటుంది. పెద్ద వయసు నటి అయితే ఎక్కడో ఒక లైన్ దాటేస్తుంది. అప్పుడు ఆవిడతో పాటే క్యాప్షన్ కూడా దూకాలి.

ఆ పాత్రకి పెద్ద వయసు నటినే తీసుకోవాలని నా పట్టుదల. పాతికేళ్ల అమ్మాయికి జుట్టుకి తెల్ల రంగు పూసి తేవద్దు. నేల మీద పడుకోలేకపోతే కుర్చీ వేయండి, కొంపలేం మునగవు. వీల్‌చైర్ వాడే నటి ఉంటే, బండి మీద వస్తుంది కదా అని ఆండ్రొమాకి ఇచ్చేయడం మరీ తేలికైన ఆలోచన. వీల్‌చైర్‌ని ఓటమికి గుర్తుగా మార్చేస్తున్నాం అక్కడ. ఆవిడకి కసాండ్రా ఇచ్చి చూడండి. కాగడాలు పట్టుకుని తన పెళ్లిపాట తనే పాడుకుంటూ వేదికంతా చుట్టేసే పాత్ర అది. వేదికకి మెట్లుంటే అసలు వేదికే వదిలేసి హాలు నేల మీద ఆడండి. ఇక కోరస్‌లో ఎవరి యాస వాళ్లకే ఉండనివ్వండి. అందర్నీ ఒకే పుస్తక భాషలోకి దిద్దితే, తలో దేశానికి చెల్లాచెదురయ్యే ఆడవాళ్లన్న సంగతే చెరిగిపోతుంది.

2013లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో సిరియా శరణార్థి మహిళలు ఈ నాటకాన్ని తమ అనుభవాలతో కలిపి ఆడారు. వాళ్లు వృత్తి నటులు కారు. అలాంటి ప్రయత్నం చేయాలనుకుంటే ఒక్క మాట. ఎవరి కథ వాళ్లే చెప్పాలని బలవంతం పెట్టకండి, చెప్పిన కథని ప్రదర్శన రోజు పొద్దున వెనక్కి తీసుకుంటానన్నా సరేననండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. యుద్ధానికి కారణం తనే అన్న నింద మీద హెలెన్, ఆవిడ భర్త మెనెలాస్ ముందు హెక్యుబాతో చేసే వాదన సాగుతుంది, పేర్లు గుట్టలుగా వచ్చి పడతాయి, క్యాప్షన్లలో చదివేవాళ్లకి తల తిరుగుతుంది. సగానికి తగ్గించొచ్చు. కాకపోతే హెలెన్‌ని నీ ఓడ ఎక్కించకు అని హెక్యుబా అంటే, ‘ఏం, బరువు పెరిగిందా?’ అని మెనెలాస్ అడిగే చోటు మాత్రం ఉంచండి. నాటకం మొత్తంలో నవ్వొచ్చే మాట దాదాపు అదొక్కటే. ఇంకో పెద్ద లోటు, ఇందులో ఆడవాళ్లు యుద్ధాన్ని భరిస్తారే తప్ప అందులో పని చేయరు. మొదటి ప్రపంచ యుద్ధంలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపి నింపి ఒళ్లు పసుపురంగుకి తిరిగిన బ్రిటన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు, రెండో యుద్ధంలో రాత్రిళ్లు బాంబులు వేసిన సోవియట్ 588వ విమాన దళం మహిళలు, వాళ్ల కోపం, వాళ్ల గర్వం ఇక్కడ దొరకవు. అది కావాలంటే వేరే స్క్రిప్ట్ రాయించుకోవాల్సిందే.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. వేసేవాళ్లు ఒక షో అయినా రిలాక్స్‌డ్‌గా పెట్టండి. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పరు, తలుపు తీసే ఉంటుంది, మధ్యలో లేచి వెళ్లి మళ్లీ రావచ్చు. ఊరు తగలబడే సీన్‌కి పొగ, కళ్లలో కొట్టే లైట్లు వద్దు, శబ్దం చాలు, అదీ ముందే చెప్పి. పిల్లవాడి చావు, ఆడవాళ్లని పంచుకోవడం ఉన్నాయని పోస్టర్ మీదే రాయండి. మెట్లున్నాయా, వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఉందా, సైన్ లాంగ్వేజ్ ఏ షోకి ఉంటుంది అన్నవి కూడా అక్కడే, టికెట్ కొనకముందే కనిపించేలా.