కంప్రెషర్ గొట్టం పక్కన పెట్టండి

పాలకొల్లులో మెకానిక్కుల సభలో చేసిన ప్రసంగ పాఠం

వేదిక మీదున్న పెద్దలకీ, షెడ్లు మూసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారమండి. దండలూ శాలువాలూ అయిపోయాయి, భోజనాలకి ఇంకా టైముంది. పొద్దున్నుంచి ఇంజక్టర్ల గురించి, స్కానర్ల గురించి చాలా విన్నాం. ట్యాంకులో ఆవిరి ఎటు పోతుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాకిచ్చిన విషయం అదే. సిస్టం ఎలా ఉంటుంది, లీకు ఎలా పట్టాలి, ఏం మార్చాలి అని మూడు ముక్కల్లో చెబుదామని వచ్చాను. ఎంతవరకు సాగుతుందో చూద్దాం.

ట్యాంకులో పెట్రోలు ఎండకి ఆవిరవుతుంది. అది బయటికి పోకుండా కానిస్టర్‌లోకి, అంటే బొగ్గు డబ్బాలోకి వెళ్తుంది. ఇంజిన్ వేడెక్కాక పర్జ్ వాల్వు తెరుచుకుంటుంది, ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే దారి, ఆ ఆవిరిని లాక్కుంటుంది, ఇంజిన్ కాల్చేస్తుంది. డబ్బాకి బయటి గాలి అందడానికి ఒక వెంట్ గొట్టం ఉంటుంది. అంతే సంగతి.

అమెరికా వెళ్లిన మన పిల్లలు వీడియో కాల్‌లో పాత కారు స్కానర్ చూపించి "పీ 0442 అంటోంది బాబాయ్, ఏం చెయ్యమంటావు?" అని అడుగుతుంటారు. అక్కడి కార్లు 1990ల చివరి నుంచీ తమ ట్యాంకు లీకు తామే పరీక్షించుకుంటాయి. ఇవి స్కానర్ చూపించే లీకు కోడ్లు. 0442 అంటే సుమారు 1 మిల్లీమీటరు చిల్లంత లీకు. 0456 అంటే అందులో సగం. 0455 పెద్ద లీకు, మూత పెట్టడం మర్చిపోయినా వస్తుంది. మన రోడ్ల మీద తిరిగే పాత కార్లు యూరప్ పద్ధతివి. పర్జ్ వాల్వు వైరు తెగితే వాటి కంప్యూటరుకి తెలుస్తుంది, గొట్టానికి చిల్లు పడితే తెలీదు. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగదు. అందుకని పెట్రోలు కంపు కొడుతోందని వచ్చిన మనిషిని "స్కానర్‌లో ఏమీ లేదండీ" అని పంపెయ్యకండి. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించి వాదించకండి, అది సైలెన్సర్ పొగనే కొలుస్తుంది.

ముందు అడగండి: కంపు పెట్రోలు కొట్టించాక వస్తోందా, ఎండలో ఆపాక వస్తోందా, నడుస్తున్నప్పుడు వస్తోందా? కింద తడి కనిపిస్తే అది ఆవిరి లీకు కాదు, పెట్రోలు లీకు. బండి అక్కడే ఆపి ముందు దాని పని చూడండి.

ఇక అసలు నేను వచ్చింది ఈ మాట చెప్పడానికి. ట్యాంకుకి కంప్రెషర్ గాలి పెట్టి సబ్బు నీళ్లు కొట్టే అలవాటు మానండి. దయచేసి మానండి. మీ కంప్రెషర్‌లో గాలి ఒత్తిడి 100 పీఎస్ఐ పైనే ఉంటుంది. ఈ సిస్టంకి పెట్టాల్సింది అర పీఎస్ఐ. నీటి మట్టంలో చెప్పాలంటే 35 సెంటీమీటర్లు. అంతకు మించితే మూతలోని సేఫ్టీ వాల్వు తెరుచుకుని బుడగలొస్తాయి, మీరు మంచి మూతని పారేస్తారు. ట్యాంకులోని పెట్రోలు పంపు మీద ఓ-రింగు, అంటే రబ్బరు సీలు, పక్కకి జరుగుతుంది. ఒక లీకుతో వచ్చిన బండి రెండు లీకులతో వెళ్తుంది. నిప్పు సంగతి అంతకన్నా పెద్దది. పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉంటేనే అంటుకుంటుంది. మామూలుగా ట్యాంకులో ఆవిరి అంతకన్నా చిక్కగా ఉంటుంది కాబట్టి అంటుకోదు. మీరు గాలి తోలి దాన్ని పలచన చేసి, అంటుకునే పాకానికి తెస్తున్నారు! బయటికొచ్చిన ఆవిరి గాలికన్నా బరువు, బండి కింద పనిచేసే పిట్‌లోకి దిగి కూర్చుంటుంది. పక్కన గ్రైండర్ నిప్పురవ్వలు చిమ్ముతూ ఉంటుంది.

ఆ వెనక కుర్రాళ్లు నవ్వుతున్నారు. పెయింటు డబ్బాలో గ్లో ప్లగ్గు, అంటే డీజిల్ ఇంజిన్‌ని వేడిచేసే ప్లగ్గు, బిగించి, లీకు కనబడేలా పొగ తోలే మిషను చేసుకున్నారేమో. ఇన్‌టేక్ లీకులకి వాడుకోండి నాయనా, ట్యాంకు దరిదాపులకి తేకండి. ట్యాంకు మీద పెట్టే పొగ మిషను నైట్రోజన్‌తో, రెగ్యులేటర్ మీద నడవాలి.

మిషను లేకపోతే మేస్త్రీలు మట్టం చూసే తెల్ల గొట్టం చాలు. యు ఆకారంలో చెక్కకి కట్టి సగం దాకా నీళ్లు పొయ్యండి. పర్జ్ వాల్వు దగ్గర కానిస్టర్ గొట్టం పీకి, ఒక టీ జాయింటు పెట్టి, ఒక కాలుకి ఈ గొట్టం, రెండో కాలుకి బీపీ మిషను రబ్బరు బుడ్డి తగిలించండి. వెంట్ గొట్టానికి బిరడా. మెల్లగా నొక్కండి. 35 అంటే రెండు వైపుల మట్టాల మధ్య తేడా, ఒక వైపు పెరిగింది కాదు. ట్యాంకు పావుకీ ముప్పావుకీ మధ్య ఉండాలి. పొద్దున్నే నీడలో చెయ్యండి. ఎండ తగిలితే పెట్రోలే ఆవిరై మట్టాన్ని నిలబెడుతుంది, లీకు ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. మట్టం జారుతుంటే కానిస్టర్‌కీ ట్యాంకుకీ మధ్య రబ్బరు గొట్టాన్ని నున్నటి క్లాంపుతో నొక్కండి. జారడం ఆగితే లీకు ట్యాంకు వైపు. ప్లాస్టిక్ పైపుని మాత్రం నొక్కకండి, పాతదైతే చిట్లుతుంది. కొన్ని పాత కార్లకి ట్యాంకుకీ కానిస్టర్‌కీ మధ్యలో టూ-వే వాల్వు ఉంటుంది, వాటికి రెండు వైపులా విడివిడిగా పరీక్ష పెట్టాలి.

మన డెల్టాలో వెతకాల్సిన చోట్లు వేరు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి. భీమవరం రోడ్ల మీద చేపల లారీల నుంచి కారే నీళ్లు. చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ వెనక బురద ఆరదు, పెట్రోలు పోసే ఫిల్లర్ పైపు అక్కడే తుప్పు పట్టి సూది బెజ్జాలు పడతాయి. లైనర్ విప్పందే కనబడవు. కోతల రోజుల్లో ఎలుకలు రబ్బరు కొరుకుతాయి. వెంట్ గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కడితే లీకుండదు గానీ బంకులో గన్ను మాటిమాటికీ ఆగిపోతుంది.

బంకు అనగానే గుర్తొచ్చింది. గన్ను ఆగాక "ఇంకొంచెం, రౌండ్ చెయ్యండి" అంటాం చూశారూ, ఆ పెట్రోలు బొగ్గులోకి దిగుతుంది. తడిసిన బొగ్గు చిట్లి, ఆ పొడి పర్జ్ వాల్వులో ఇరుక్కుంటుంది. వాల్వు ఒక్కటే మారిస్తే మళ్లీ అదే కథ. గొట్టంలో నల్ల పొడి కనిపిస్తే కానిస్టర్ కూడా మార్చాలి.

పర్జ్ వాల్వు పరీక్ష తొందరగా చెప్పేస్తాను, ఇక్కడ గంట కొడుతున్నారు. దాని వైరు కనెక్టర్ పీకి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, వాల్వుకి కానిస్టర్ గొట్టం తగిలే కన్నానికి వేలు పెట్టండి. లాగితే వాల్వు తెరిచి ఉండిపోయినట్టే. పెట్రోలు కొట్టించాక స్టార్టింగు మొండికేస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి. పంపు విప్పితే ఓ-రింగు కొత్తదే వెయ్యండి. గొట్టం పెట్రోలుకి పనికొచ్చేదే కొనండి, నీళ్ల పైపు కాదు.

చీటీ ఒకటి వచ్చింది: ఫిల్లర్ పైపు చిల్లుకి ఎం-సీల్ పెట్టొచ్చా అని. వద్దండీ. చుట్టూ ఇనుము పలచబడే ఉంటుంది, ఇవాళ ఇక్కడ పూస్తే రేపు పక్కన పడుతుంది. పైపు మార్చండి. కొత్తది దొరక్క పాత సామాన్ల కొట్టు నుంచి తెస్తే, బండికి ఎక్కించకముందే రెండు చివర్లూ మూసి అదే నీటి గొట్టంతో 35కి పెట్టి చూడండి. అక్కడ నిలిస్తేనే డబ్బులివ్వండి.