మెమో వేరు, ఛార్జిమెమో వేరు: ఉద్యోగుల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. ఇరవై రెండేళ్ల సర్వీసు. మా బిల్లుల సెక్షను మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విజిలెన్సు వాళ్లు వచ్చి నా వాంగ్మూలం తీసుకున్నారు. ఈలోగా డీపీసీ, అదే పదోన్నతుల కమిటీ, సమావేశం జరిగింది. నా తర్వాత చేరిన అబ్బాయికి, పని నేర్పింది నేనేనండీ, పదోన్నతి ఆర్డరు వచ్చింది. నా విషయంలో కమిటీ నిర్ణయాన్ని మాత్రం, విచారణ తేలేదాకా తెరవకుండా, సీల్డు కవరులో పెట్టారట.

న్యాయవాది: ఛార్జిమెమో ఇచ్చారా?

కాలర్: మెమో ఇచ్చారండీ. ఆ అబ్బాయికి...

న్యాయవాది: ఏ మెమో? చదవండి.

కాలర్: ఉండండి... ‘మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.’

న్యాయవాది: అభియోగాలు, సాక్షుల జాబితా జతచేశారా?

కాలర్: లేదండీ, ఒకటే పేజీ.

న్యాయవాది: అది సంజాయిషీ మెమో, అభియోగాలు మోపే ఛార్జిమెమో కాదు. ప్రతివారం ఇదే చెబుతున్నాను, కాగితం చదవండి! సస్పెన్షన్‌లో ఉండాలి, లేదా ఛార్జిమెమో జారీ కావాలి, లేదా క్రిమినల్ కేసులో అభియోగపత్రం కోర్టుకు చేరాలి. వీటిలో ఒకటి ఉంటేనే సీల్డు కవరు. ప్రాథమిక విచారణ చాలదని 1991లో జానకీరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1992 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు, ఆఫీసు మెమోరాండం అంటారు, దాన్నిబట్టే వచ్చింది.

కాలర్: అయితే నాకు పదోన్నతి వచ్చినట్టేనా?

న్యాయవాది: కాదు. మీ పేరు పరిశీలించమని అడిగే హక్కు మీది, ఇచ్చి తీరాలనే హక్కు కాదు. దరఖాస్తు వెంటనే పెట్టండి. పదోన్నతి అమలయ్యేలోపు ఛార్జిమెమో జారీ అయితే మళ్లీ కవరే. మెమో అందుకోకుండా సెలవు పెట్టినా లాభం లేదు, లెక్కకు వచ్చేది జారీ చేసిన తేదీ.

కాలర్: ఆ అబ్బాయి ఆర్డరు ఆపించవచ్చా?

న్యాయవాది: అబ్బాయిని వదిలేయండి! మీ కాగితం చూసుకోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. సికింద్రాబాద్ నుంచి.

కాలర్: మా వదిన కేసు పెట్టింది సార్. ఎఫ్‌ఐఆర్ ఒక్కటే ఉంది, అభియోగపత్రం వేయలేదు. నేనూ కేంద్ర ఉద్యోగినే. పదోన్నతికి అడ్డా?

న్యాయవాది: ఎఫ్‌ఐఆర్ ఒక్కటే అయితే అడ్డు కాదు. కస్టడీలో ఉన్నారా?

కాలర్: మూడు రోజులు.

న్యాయవాది: అసలు సంగతి అది! 48 గంటలు దాటితే సస్పెండైనట్టే లెక్క. ఆ సస్పెన్షన్ రద్దు చేసిన ఉత్తర్వు ఉందా?

కాలర్: అడగలేదు సార్...

న్యాయవాది: ముందు అది అడగండి.

వ్యాఖ్యాత: తర్వాత కాల్, విశాఖపట్నం. క్లుప్తంగా.

కాలర్: కేసు కొట్టేశారు. పాత తేదీ నుంచి పదోన్నతి ఇచ్చారు, బకాయిలు ఇవ్వలేదు. పని చేయలేదు కనుక జీతం లేదంటున్నారు.

న్యాయవాది: పూర్తిగా నిర్దోషి అయితే, పని చేస్తానన్న మనిషిని శాఖే ఆపిందనుకుంటే ఆ మాట మామూలుగా చెల్లదు. తీర్పులో ఏమి రాశారు?

కాలర్: సంశయలబ్ధి, అదే బెనిఫిట్ ఆఫ్ డౌట్, అని...

న్యాయవాది: అప్పుడు బకాయిలపై శాఖ నిర్ణయం తీసుకోవచ్చు. నిరాకరిస్తే కారణాలు రాయాలి. ఆ కారణాల నకలు అడిగి తీసుకోండి.

వ్యాఖ్యాత: రాష్ట్ర ఉద్యోగులు కూడా అడుగుతున్నారు...

న్యాయవాది: వారికి ఇదే విషయంపై 1999 నాటి జీవో 257 ఉంది. అది ఒక్కటే గంట పడుతుంది, వచ్చే వారం చూద్దాం.