నొప్పి తెలియని ఒంటికి కాపలా

శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలం మొదలై కల్లు జోరుగా దిగే రోజులు వస్తే, వెన్నుకు దెబ్బ తగిలినవాళ్లుండే మా వార్డులో ఒకటి రెండు మంచాలు గీత కార్మికులవే. నడుముకు మోకు కట్టుకుని, అంతెత్తు తాటిచెట్టు రోజుకు ఎన్నోసార్లు ఎక్కి దిగే మనిషి ఒక్కసారి పట్టు తప్పితే చాలు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో జారిపడకుండా ఆపే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందరికీ అందాలని, అందినవాళ్లు ఇంట్లో కొక్కేనికి తగిలించకుండా వాడాలని నా కోరిక. మిగతా మంచాల్లో బైకు మీంచి పడ్డవాళ్లు, కట్టే మేడ మీంచి జారిన కూలీలు ఉంటారు.

పడ్డచోట జరిగే పొరపాటు మీకు తెలిసిందే. ఒకరు భుజాలు, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కుదేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ విరిగిన వెన్నుపూస అప్పుడు కదిలి లోపలి వెన్నుపామును ఇంకా నలిపేస్తుంది. నిప్పో నీళ్లో మీద పడే ప్రమాదం ఉంటే తప్ప మనిషిని కదపకండి. తల, మెడ అటూ ఇటూ తిరగకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి, ఆసుపత్రి మంచం మీద జరిగేది.

ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్లు గండం గడిచిందనుకుంటారు. ఆ స్క్రూలు పట్టి ఉంచేది ఎముకను. చిటికెన వేలంత లావు, మూరెడు పొడవు ఉండే వెన్నుపామును కుట్టి అతికించే ఆపరేషన్ ఇప్పటికైతే లేదు. దెబ్బ తగిలినచోటికి కింద కాళ్లు కదలకపోవడం అందరికీ కనిపిస్తుంది. నొప్పి తెలియకపోవడం ఎవరికీ కనిపించదు. నన్నడిగితే అదే ఎక్కువ ప్రమాదం.

ఎందుకంటారా? ఈ ప్రసంగం మొదలయ్యాక మీరు కూర్చున్నచోటే ఒకసారైనా అటూ ఇటూ జరిగి ఉంటారు. ఎవరూ చెప్పలేదు, మీరూ అనుకోలేదు. ఒకేచోట బరువు పడితే అక్కడికి రక్తం అందదు, చర్మం మొరపెట్టుకుంటుంది, మనం కదులుతాం. నిద్రలోనూ అంతే. వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి ఆ మొర చేరదు. కొద్ది గంటల్లోనే నడుము కింది ఎముక మీద, తుంటి మీద, మడమ మీద చర్మం చచ్చిపోవడం మొదలవుతుంది. పైకి రూపాయి బిళ్లంత మచ్చ కనిపించేసరికి లోపల ఎముకదాకా గొయ్యి పడి ఉండొచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుకు గుండు తగిలిన సైనికుల్లో చాలామంది వారాల్లోనే పోయారు. వాళ్లను చంపింది గుండు కాదు, పడకపుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. నాజీల జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుగాయాల విభాగం తెరిచాడు. ఆయన పట్టుబట్టిన వైద్యంలో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? పగలూ రాత్రీ, రెండేసి గంటలకు ఒకసారి రోగిని పక్కకు తిప్పడం. బతకరనుకున్నవాళ్లు బతికారు. 1948లో ఆ ఆసుపత్రి ఆవరణలోనే చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీ పడ్డారు. ఇప్పటి పారాలింపిక్స్‌కు మూలం అదే.

ఎనభై ఏళ్లు గడిచినా చర్మం మాత్రం మారలేదు. సూపర్‌మ్యాన్ వేషం వేసిన నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. మంచి వైద్యం, మనుషులు, డబ్బు అన్నీ ఉన్నాయి. 2004లో చనిపోయే ముందు ఆయన వైద్యం చేయించుకుంటున్నది ఒక పడకపుండు ఇన్‌ఫెక్షన్‌కే.

మన వార్డుల్లో తిప్పే పని ఎక్కువగా పడేది ఇంటి మనిషి మీద. గాలిపరుపు కొన్నాం కదా, ఇంకెందుకు తిప్పడం అంటారు. అది సాయం చేస్తుంది కానీ తిప్పే పని తప్పించదు. గ్లౌజుల్లో నీళ్లు నింపి మడమల కింద పెడతారు, దానివల్ల లాభం లేదు. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా ఉంచండి. గాలి నింపిన రింగు మీద కూర్చోబెట్టకండి, దాని అంచే రక్తాన్ని ఆపేస్తుంది. ఎర్రబడ్డచోట పౌడరు వేసి రుద్దకండి. అన్నట్టు, పుస్తకాల్లో ఎర్రటి మచ్చ చూడమని రాస్తారు గానీ మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు. చేతి వెనుక భాగంతో తాకి చూడండి. పక్క చర్మంకన్నా వేడిగా, గట్టిగా తగిలితే ఇక ఆ వైపు పడుకోబెట్టకూడదు.

ఇక మూత్రం సంగతి. ఛాతీ పైభాగంలో వెన్ను దెబ్బతిన్న ఒక గీత కార్మికుడు ఆరో వారంలో ఉండగా, సాయంత్రం ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. “మేడం, తలకాయ పలిగిపోతుందంటుండు. మొకం మీద సెమట కారుతుంది, కాళ్లు సూస్తే సల్లగున్నయ్. గోలి ఇచ్చిన్రు, తగ్గుతలేదు.” బీపీ 170 ఉంది. వార్డులో ఉన్న కుర్ర డాక్టరు మరీ కంగారు పడాల్సినంత కాదన్నాడు. మామూలు మనిషికైతే సరే. ఈయనకు రోజూ ఉండేది 100. దుప్పటి తీసి చూస్తే యూరిన్ పైపు తొడ కింద మడతపడి ఉంది, సంచి ఖాళీ. పైపు సరిచేయగానే సంచి నిండసాగింది. లేపి కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, నడుము దగ్గర బట్టలు వదులు చేశాం. పావుగంటలో బీపీ దిగింది.

మూత్రాశయం నిండి ఉబ్బిపోయినా ఆయనకు తెలియదు. కానీ ఆ కబురు అందుకున్న నరాలు దెబ్బతిన్నచోటికి కింద రక్తనాళాలను బిగించేస్తాయి. ఆపమని మెదడు పంపే ఆజ్ఞ అక్కడిదాకా దిగదు, దాంతో బీపీ పెరిగిపోతుంది. ఛాతీ వెన్నుపూసల్లో ఆరోదానికి, ఆపైన దెబ్బ తగిలినవాళ్లకు ఈ ముప్పు ఉంటుంది. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. కాబట్టి తలనొప్పి అనగానే కూర్చోబెట్టి, నర్సును పిలిచి, పైపు చూడండి. అది బాగుంటే మలం గట్టిపడి అడ్డుపడిందేమో చూడమని చెప్పండి. అదీ కాకపోతే, ఆయనకు తెలియకుండా నొప్పి పుట్టించేది ఇంకేమైనా ఉందేమోనని తల నుంచి కాలిదాకా ఒళ్లంతా వెతకాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా ఇలాంటి తలనొప్పిని దిగులువల్ల అనుకుని వదిలేశాను. అదృష్టంకొద్దీ ఒక పాత నర్సమ్మ కనిపెట్టింది.

కాళ్లు కదలక పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. ఒక పిక్క రెండోదానికన్నా లావుగా ఉంటే నూనె రాసి మర్దన చేయకండి, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడొచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి. మెడకు దెబ్బ తగిలినవాళ్లు గట్టిగా దగ్గలేరు, కఫం లోపలే నిలిచి నిమోనియా వస్తుంది. కడుపు మీద చేతులు ఆనించి దగ్గుకు సాయం చేసే పద్ధతి మేం నేర్పుతాం, అడిగి నేర్చుకోండి. వేడినీళ్ల సంచి మాత్రం ఆ కాళ్ల దగ్గరికి రానీయకండి. కాలినా చెప్పలేడు.

ఆ గీత కార్మికుడి భార్య బడి మొహం చూడలేదు. వార్డు గోడకు బొగ్గుతో గీతలు పెట్టుకునేది: ఎడమ, కుడి, వెల్లకిల. గోడ పాడు చేస్తోందని ఆయమ్మలు గొడవపడ్డారు కూడా. ఇంటికెళ్లిన ఏడాదికి ఒకరోజు ఫోన్ చేసింది.

“మేడం, మల్ల తలకాయ నొప్పన్నడు. కూసోపెట్టిన. పైపు సూసిన, మంచిగనే ఉంది. పొద్దున్నే దొడ్డికి గూడ పోయిండు. ఇగ ఒళ్లంత సూసుకుంట పోతే కాలి బొటనేలు గోరు లోపలికి వెరిగి చీము వట్టి ఉంది. గదేనా మేడం?”

అదే. మండల కేంద్రంలో డాక్టరు గోరు తీశాడు, ఆ సాయంత్రానికి తలనొప్పి పోయింది.

నమస్కారం.