పెట్టెలో పెట్టె: డిటెక్టర్ జామెట్రీ ముచ్చట్లు

యాంకర్: ఈసారి జియాంట్4లో, అంటే కణాలు పదార్థంలోంచి పోయే తీరుని కంప్యూటర్లో అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, ఒకదానిలో ఒకటి ఇమిడే వాల్యూముల (డిటెక్టర్ భాగాల) గురించి. కొత్తవాళ్లు ముందుగా ఎక్కడ తడబడతారండీ?

అతిథి: కొలతల దగ్గరేనండీ. పెట్టె ఆకారం తయారుచేసే జీ4బాక్స్‌కి ఇవ్వాల్సింది పూర్తి పొడవు కాదు, అందులో సగం. 20 సెంటీమీటర్ల క్రిస్టల్ కావాలంటే 10 రాయాలి. మొదట్లో నేను 20 అనే రాసేశాను. క్రిస్టల్ 40 అయింది, షవర్ (కణం ఢీకొని పుట్టించే కణాల జల్లు) దాదాపు మొత్తం లోపలే ఆగిపోయింది. ఫలితం బాగుందని చాలా రోజులు అనుమానమే రాలేదు.

యాంకర్: డేటా విశ్లేషణకి వాడే రూట్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతేనా?

అతిథి: అక్కడ పెట్టె చేసే టీజియోబీబాక్స్‌కి కూడా సగాలే. కాకపోతే అక్కడ మామూలుగా సెంటీమీటర్లు, జియాంట్4 లోపల మిల్లీమీటర్లు. అంకె పక్కన యూనిట్ రాయకుండా వదలకండి.

యాంకర్: తల్లి (బయటి) వాల్యూములో పిల్లని (లోపలిదాన్ని) పెట్టేటప్పుడు ముందే ఖాళీ తొలవాలా?

అతిథి: అక్కర్లేదు. పిల్ల ఉన్నచోట తల్లి మెటీరియల్ దానంతటదే తప్పుకుంటుంది. స్థానం మాత్రం తల్లి సొంత అక్షాల్లో చెప్పాలి, వరల్డ్ (అన్నిటినీ చుట్టుకున్న అతి పెద్ద వాల్యూము) నుంచి కాదు. పెట్టె అయితే దాని నడిమధ్యే సున్నా.

యాంకర్: పిల్ల కాస్త బయటికి పొడుచుకొస్తే?

అతిథి: అదే నన్ను బాగా భయపెట్టేది. ప్రోగ్రామ్ ఆగకపోవచ్చు. బయటి నుంచి వచ్చే కణానికి ఆ పొడుచుకొచ్చిన ముక్క కనిపించదు, ఎందుకంటే వరల్డ్‌కి తెలిసింది తల్లి గోడ ఒక్కటే. లోపలి నుంచి పోయే కణం మాత్రం పిల్లలోనే ఉన్నాననుకుని గోడ దాటేస్తుంది. అంటే ఒకే ముక్క, వచ్చే దిక్కుని బట్టి ఉన్నట్టూ లేనట్టూ!

యాంకర్: మరి పట్టుకునేదెలా?

అతిథి: వాల్యూముని దాని చోట పెట్టే జీ4పీవీప్లేస్‌మెంట్‌లో చివరి ఆర్గ్యుమెంట్ ట్రూ చేయండి. అది ఉపరితలం మీద 1000 బిందువులు తీసుకుని చూస్తుంది. సన్నటి అతివ్యాప్తి ఆ బిందువుల మధ్య జారిపోవచ్చు, అందుకే ఫైనల్ రన్‌కి ముందు ఆ సంఖ్య పెంచి ఇంకోసారి చూడాలి. రూట్‌లో అయితే జామెట్రీ క్లోజ్ చేశాక చెక్‌ఓవర్‌ల్యాప్స్ పిలవండి. ఈ పని వాయిదా వేయొద్దని నా విద్యార్థులందరినీ బతిమాలుతుంటాను.

యాంకర్: ఒకే మాడ్యూల్‌ని చాలాసార్లు పెడితే, హిట్ (డిటెక్టర్‌లో కణం వదిలిన జాడ) ఎక్కడిదో ఎలా తెలుస్తుంది?

అతిథి: మంచి ప్రశ్న. 10 మాడ్యూళ్లు, ఒక్కోదానిలో 25 క్రిస్టళ్లు అనుకోండి. మాడ్యూల్ లాజికల్ వాల్యూమ్ (దాని ఆకారం, మెటీరియల్, లోపలి పిల్లల వివరణ) ఒకటే కాబట్టి 7వ నంబరు క్రిస్టల్ పది చోట్ల ఉంటుంది. కణం ఏ వాల్యూములో, ఏ తల్లి లోపల ఉందో చెప్పే టచబుల్‌ని సున్నా లోతులో అడిగితే క్రిస్టల్ నంబరు, ఒకటో లోతులో అడిగితే దాని తల్లి మాడ్యూల్ నంబరు. రెండూ కలిపి హిట్‌లో దాచుకోండి. మధ్యలో ఎప్పుడైనా కొత్తగా ఓ తొడుగు వాల్యూమ్ చేర్చారా, ఈ లోతులు మారిపోతాయి. ఆ లైను కూడా అప్పుడే దిద్దుకోవాలి.