పొగ కనుమరుగయ్యాక

అందరికీ నమస్కారం. వచ్చే రాకెట్ ప్రయోగానికి పిల్లల్ని శ్రీహరికోట తీసుకెళ్దామని అనుకుంటున్నారు. చాలా సంతోషం. వెళ్లే ముందు మీకు ఒక్క మాట చెప్పాలి: రాకెట్ కంటికి కనబడకుండా పోగానే వెనక్కి తిరగకండి.

2017 ఫిబ్రవరి 15న నేను మా బడి పిల్లలతో సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడ్డాను. ఇస్రో వారి పీఎస్‌ఎల్‌వీ-సీ37 ప్రయోగం అది, ఒకే రాకెట్‌లో 104 ఉపగ్రహాలు. ఉదయం 9 గంటల 28 నిమిషాలకు చెట్ల పైన నిప్పు ముద్ద లేచింది. చప్పుడు మాత్రం లేదు. శబ్దం కిలోమీటరు దాటడానికి మూడు సెకన్లు పడుతుంది కదా, అది మా దాకా వచ్చేసరికి రాకెట్ ఎక్కడికో వెళ్లిపోయింది. వచ్చాక కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. ఒక పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి తెల్లటి పొగ చార తప్ప ఏమీ మిగల్లేదు. చప్పట్లు కొట్టేసి జనం బండ్లు స్టార్ట్ చేస్తున్నారు. నేను పిల్లల్ని కూర్చోబెట్టి ఫోన్‌లో దూరదర్శన్ పెట్టాను, ఎందుకంటే అసలు పని అప్పుడే మొదలవుతుంది. ధ్రువ కక్ష్యకు, అంటే భూమి ధ్రువాల మీదుగా తిరిగే దారికి, దక్షిణంగా పోవాలి, కానీ దారిలో శ్రీలంక ఉంది. అందుకే రాకెట్ ముందు ఆగ్నేయంగా వెళ్లి, ఆ తర్వాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు అయ్యే ఇంధనం తక్కువేమీ కాదు.

దాదాపు 17 నిమిషాలకు 505 కిలోమీటర్ల ఎత్తులో కక్ష్య అందింది. ముందు భూమిని ఫొటోలు తీసే 714 కిలోల కార్టోశాట్ విడిపోయింది, తర్వాత మన చిన్న ఉపగ్రహాలు రెండు. మిగిలిన 101 విదేశాలవి, అందులో 96 అమెరికావే. అన్నీ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నాయి. ఒకదానికొకటి తగలకుండా వేర్వేరు దిశల్లోకి, వేర్వేరు క్షణాల్లో వదలాలి. ఆ పన్నెండు నిమిషాల టెన్షన్ మా పిల్లల ముఖాల్లో చూశాను. 104 లెక్క పూర్తయ్యాక వాళ్లు కొట్టిన చప్పట్లు, నిప్పు లేచినప్పటికన్నా గట్టిగా ఉన్నాయి.

అదే ఏడాది ఆగస్టు 31 సాయంత్రం పీఎస్‌ఎల్‌వీ-సీ39 రాకెట్ కూడా అంతే అందంగా లేచింది. చూసినవాళ్లంతా సక్సెస్ అనుకున్నారు. కానీ ఉపగ్రహం మీది హీట్ షీల్డ్, అంటే గాలిలో దూసుకెళ్లేటప్పుడు దాన్ని కాపాడే డొప్ప, ఊడలేదు. ఆ బరువంతా మోస్తూ రాకెట్‌కు కావలసిన వేగం రాలేదు. పాపం, దారి చూపే నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ ఆ డొప్పలోనే ఉండిపోయింది. ఎన్నో ఏళ్ల శ్రమ. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

దాని బదులు ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఐ ఉపగ్రహాన్ని 2018 ఏప్రిల్ 12న పంపారు. తెల్లవారుజామున 4 గంటల 4 నిమిషాలకు ప్రయోగం. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. నేను టీవీ ముందు కూర్చుని ఒకే ఒక్క మాట కోసం చూస్తున్నాను. హీట్ షీల్డ్ విడిపోయిందన్నారు. అప్పుడు లేచి టీ పెట్టుకున్నాను.