ఇంట్లోనే చెవి టెస్ట్ చేసే కిట్: డీజే బాక్సుల పక్కన పనిచేసినవాడి రివ్యూ

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు, వీడియో చూస్తే మీకే అర్థమవుతుంది. బ్యాటరీ, బ్లూటూత్ సంగతులు మిగతా చానెళ్లలో చూసేసి ఉంటారు, వాటి జోలికి పోను.

నేను 11 ఏళ్లు బరాత్‌లకీ వినాయక నిమజ్జనాలకీ డీజే సిస్టమ్ నడిపాను. ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గుంయ్‌మనేది, తెల్లారేసరికి పోయేది. పోతోంది కదా అని పట్టించుకోలేదు. మొన్న మా ఆవిడ సంచీ తెమ్మంటే పంచె తెచ్చిచ్చాను. తను నవ్వింది, నాకు టెన్షన్ పట్టుకుంది.

సరే, కిట్. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కూత వినబడగానే బటన్ నొక్కాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా హాల్లోనే, ఫ్యాన్ కింద కూర్చుని చేశాను. 250, 500 హెర్ట్జ్ దగ్గర చెవుడని తేల్చేసింది! (హెర్ట్జ్ అంటే కూత ఎంత కీచుగా ఉందో చెప్పే లెక్క, ఇవి లావు కూతలు.) ఫ్యాన్ ఆపి మళ్లీ చేస్తే అవి రెండూ బాగున్నాయి. గదిలో హోరు ఉందని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?

అసలు మండింది ఇక్కడ. ఇది 4000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవి సాధారణంగా 3000 నుంచి 6000 మధ్య, ఎక్కువగా 4000 దగ్గర పడిపోయి, 8000కి వచ్చేసరికి కొంత లేస్తుంది. గ్రాఫ్‌లో గుంతలా కనబడుతుంది. వయసుతో వచ్చే చెవుడు అలా లేవదు, 8000 వైపు ఇంకా దిగుతూనే ఉంటుంది. (వయసు బాగా మీదపడితే రెండూ కలిసి ఆ గుంత పూడిపోవచ్చు కూడా, అది వేరే తలనొప్పి.) 4000 దగ్గరే ఆపేస్తే అది గుంతో, వాలో ఎలా తెలుస్తుంది? పైగా రిపోర్టులో 'వయసు ప్రభావం' అట. నాకు 42. ఏం పని చేశావని ఒక్క ప్రశ్న అడిగిందా?

తర్వాత ఆడియాలజిస్ట్ దగ్గరికి, అంటే వినికిడి పరీక్షించే నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ముందురోజు ప్రోగ్రాం ఉంటే రావద్దని ఆవిడ ఫోన్‌లోనే చెప్పారు, తాత్కాలికంగా మొద్దుబారిన చెవిని కొలిచి లాభం లేదట. ఎన్నేళ్లు చేశారు, హెడ్‌ఫోన్ ఏ చెవికి పెట్టేవారు, ఇయర్‌ప్లగ్స్ వాడారా, అన్నీ అడిగారు. కూత వినిపించే పరికరాన్ని చెవి వెనక ఎముక మీద కూడా పెట్టి చూశారు. గులిమి అడ్డుపడినా, కర్ణభేరికి చిల్లు పడినా ఎముక మీదుగా బాగానే వినబడుతుంది. నాకు రెండు దారుల్లోనూ ఒకటే, అంటే దెబ్బ లోపలి చెవిలోనే. 4000 దగ్గర కూత 50 డెసిబెల్స్‌కి పెంచితేగానీ వినబడలేదు, 8000 దగ్గర 25 చాలింది. గుంత ఎదురుగా కనబడింది.

దీనికన్నా 2019లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన ఉచిత యాప్ హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ నయం. గోలలో మూడేసి అంకెలు చెబుతుంది, మనం నొక్కాలి. మన బాధ గోలలోనే కదా!

కాబట్టి డీజే అన్నలూ, బాలానగర్ లేత్ షాపుల వాళ్లూ, ఇది కొనకండి. కోఠిలో గవర్నమెంట్ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా మీ పని గురించి ముందే చెప్పి, 8000 దాకా చూడమనండి. కిట్ వెనక్కి పంపేస్తున్నాను. హెడ్‌ఫోన్ మెత్తగా ఉందని మావాడు ఇవ్వనంటున్నాడు, వాడి వాల్యూమ్ సంగతి చూడాలి.